కుడిచేతి బోణీ

నిండా నీళ్లు పోసిన ఇత్తడి చెంబును కుడిచేత్తో పట్టుకుని, మోచెయ్యి వంచకుండా ముందుకు చాచి, లాల్ బాషా లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. పదకొండు దాకా చెయ్యి బుద్ధిగానే ఉంది. పన్నెండుకి మణికట్టు లోపల ఎక్కడో సన్నగా వణుకు పుట్టింది. పద్నాలుగుకి నీళ్లు తొణికి పాదం మీద పడ్డాయి. చెంబు దించేసి, ఎవరన్నా చూశారేమోనని చుట్టూ చూశాడు. పెరట్లో అతని భార్య సుగ్రాబీ తిరగలి ముందు కూర్చుని జొన్నలు విసురుతోంది. చూసింది. చూడనట్టు ఇంకో గుప్పెడు జొన్నలు తిరగలి నోట్లో పోసింది.

కట్టు విప్పి నాలుగు రోజులయింది. నలభై రోజులు కట్టులో నలిగిన చెయ్యి పాలిపోయి, ఎడమచేతి పక్కన పెడితే వేరే ఎవరిదో తెచ్చి అతికించినట్టుంది. ఈ చేత్తోనే పన్నెండేళ్లు ఉదయగిరి నుంచి ఆత్మకూరుకు బస్సు తోలాడంటే తనకే నమ్మకం కలగడం లేదు. వచ్చే శుక్రవారానికి ఇంకా ఎనిమిది రోజులుంది. నిజానికి ఏడున్నరే, ఈ పూట అయిపోవచ్చింది.

ఆ గడువు పెట్టింది బస్సు యజమాని మల్లికార్జునం శెట్టి. పొద్దున కట్టు విప్పిన చెయ్యి చూపించడానికి లాల్ బాషా అంగడికి వెళ్తే, ఆయన పప్పుల బస్తాల మధ్య నుంచి లేచి వచ్చి మరీ చూశాడు. పాపం, జాలిపడ్డాడు కూడా.

"బండి లేపే సెల్ఫ్ మోటారు నెల్లూరికి రిపేరుకు పొయ్యి ఆర్నెల్లయినాది. ఎప్పుడొస్తుందో దేవుడికి తెలియాల" అన్నాడు శెట్టి. "అందాకా పొద్దున పూట ఇంజనుకు ముందర హ్యాండిల్ పెట్టి కొట్టాల్సిందే గదా లాల్ బాషా. శుక్రవారం ఆరు గంటలకు బండికాడికి రా. నా ఎదట బోణీ చెయ్యి. హ్యాండిల్ తిరిగిందా, స్టీరింగు నీది. తిరగలేదా, ఇప్పుడు తోలుతుండాడే ఓబయ్య, వాడినే ఉంచుకుంటా. నన్ను తప్పుపట్టొద్దు."

"తప్పెందుకు పడతా శెట్టిగారూ" అన్నాడు లాల్ బాషా. అని తల కూడా ఊపాడు. ఇంటికి వచ్చాక ఆ ఊపిన తలను గోడకేసి కొట్టుకోవాలనిపించింది. చెయ్యి విరిగింది ఆ హ్యాండిల్ దగ్గరే. చల్లటి ఇంజను వెనక్కి తన్నింది, హ్యాండిల్ గిర్రున తిరిగొచ్చి మణికట్టు మీద కొట్టింది. ఆ సంగతి ఊరంతటికీ తెలుసు. శెట్టిగారికీ తెలుసు.

"కుడిచేత్తోనే కొట్టాలంటనా?" సుగ్రాబీ తిరగలి ఆపకుండానే అడిగింది.

"పొద్దున బోణీ ఎడంచేత్తో ఎవురన్నా చేస్తారా?"

అది శెట్టిగారి కట్టుబాటు. రోజులో మొదటిసారి బండి లేవడమంటే అంగడి తెరవడంతో సమానం. చక్రం కింద నిమ్మకాయ, ముందు కర్పూరం, కుడిచేత్తో హ్యాండిల్. ఆ తర్వాత మధ్యాహ్నం ఆత్మకూరులో ఏ చేత్తో కొట్టుకున్నా ఆయనకు పట్టదు. లాల్ బాషా చేరకముందు, బండికి ఇంకా సెల్ఫ్ లేని రోజుల్లో, ఒక డ్రైవరు ఎడంచేత్తో బోణీ చేసిన రోజునే బస్సు కాలవలోకి దిగిందట. ఆ రోజు బ్రేకులు అరిగిపోయి ఉన్నాయన్న మాట మాత్రం శెట్టిగారికి గుర్తుండదు. లాల్ బాషాకూ ఆ కట్టుబాటు మీద కోపం లేదు. తినడం, ఇవ్వడం, సలాం చెయ్యడం కుడిచేత్తోనే అని చిన్నప్పుడు అమ్మ చేతిమీద కొట్టి మరీ నేర్పింది.

మర్నాడు నమాజు అయ్యాక కసరత్తులు చేసే తాలింఖానాకు వెళ్లాడు. ఖలీలుల్లా ఉస్తాదుకు అరవై దాటినా ముంజేతులు రోకళ్లలా ఉంటాయి. లాల్ బాషా చెయ్యి పట్టుకుని అటూ ఇటూ తిప్పి, ఎముక అతికిన చోట బొటనవేలితో నొక్కి, పెదవి విరిచాడు.

"మణికట్టుకు గదను మించింది లేదు బేటా. ఇంక ఏ కసరత్తయినా దాని తర్వాతే" అని మూలనున్న కర్ర గదల వైపు వెళ్లాడు. పెద్దవి మూడు దాటిపోయి, కొత్తగా చేరినవాళ్లకిచ్చే పొట్టి గద తీసుకొచ్చాడు. అది చూసి లాల్ బాషా ముఖం మాడిపోయింది.

"నవ్వేవాళ్లను నవ్వనీ. భుజం మీంచి వెనక్కి పొయ్యేటప్పుడు బరువు చూసుకో. ముందుకొచ్చేటప్పుడు ఎవుడన్నా తిప్పుతాడు. వెనక్కి పొయ్యేదాన్ని ఆపేదే మణికట్టు."

ఇరవైసార్లు తిప్పేసరికి చెమట పట్టింది. భుజం మండింది, ముంజెయ్యి బిగిసింది. బలం వస్తోందన్న సంతోషంతో ఇంటికి పరుగున వచ్చి చెంబు పట్టుకున్నాడు. పదహారు. నిన్నటి మీద రెండు ఎక్కువ. సుగ్రాబీకి చెప్పాడు.

"ఆ గద తిప్పేది భుజం" అంది ఆమె. "మణికట్టు తిరగాలంటే తిరగలి తిప్పాల. మీ ఉస్తాదును వొచ్చి సోలెడు జొన్నలు విసరమను, చూస్తాను."

"మొగోడు తిరగలి ముందర కూర్చుంటే నలుగురూ ఏమనుకుంటారు?"

"తలుపేసుకో. నలుగురూ పని పోగొట్టుకున్నోడనుకుంటే బాగుంటుందా?"

తలుపేసుకున్నాడు. తిరగలి పిడి పట్టుకుని కూర్చుంటే, బస్సు తోలేవాడికి ఇంత చిన్న రాయి ఒక లెక్కా అనుకున్నాడు. అయిదు నిమిషాలయ్యాక తెలిసింది. గద ఒక చుట్టు తిరిగి భుజం మీద ఆగి ఊపిరి తీసుకోనిస్తుంది. తిరగలి ఆగదు. ఆపితే పిండి బరక పడుతుంది, పక్కన కూర్చున్న మనిషి నాలుక చప్పరిస్తుంది. పైగా అలవాటు లేక ప్రతి చుట్టుకీ భుజంతో తోస్తున్నాడు. సుగ్రాబీ అతని మోచేతిని పట్టుకుని ఒంటికి ఆనించింది. "ఇది కదలకూడదు. ఇక్కణ్ణించి కిందిది తిరగాల" అంది. ఆమె చెయ్యి అతని మణికట్టు మీద కాసేపు అలాగే ఉండిపోయింది. ఇద్దరు ఆడపిల్లల అన్నం ఈ మణికట్టులో ఉందని ఇద్దరికీ తెలుసు.

మర్నాడు తాలింఖానాలో ఉస్తాదు అతని గడ్డం వైపు చూసి, "ఏంరా, జొన్నపిండి కసరత్తు కూడా జరుగుతుండాదే" అన్నాడు. లాల్ బాషా గడ్డం దులుపుకుని గద ఎత్తుకున్నాడు.

సోమవారం ఆత్మకూరు ఆసుపత్రికి వెళ్లాడు. తన బస్సులోనే, తన సీటుకి వెనక సీట్లో కూర్చుని. ఓబయ్యకు ముప్పై లోపే వయసు, పనిమంతుడే. అయినా గేరు మార్చినప్పుడల్లా లాల్ బాషా ఎడమకాలు తనకు తెలియకుండానే కింద పలకను తొక్కింది. అద్దంలో ఓబయ్య అది చూసి మొహమాటంగా, "ఎట్టుండాదన్నా చెయ్యి?" అన్నాడు. "బాగుండాది" అన్నాడు లాల్ బాషా, కొంచెం గట్టిగానే.

ఆసుపత్రిలో నర్సు రెబెకమ్మ కట్టు కట్టిన రోజు నుంచీ అతన్ని ఎరుగును. గుండ్రటి ముఖం, కరుకు మాట. తన రెండు వేళ్లు చాచి, "కుడిచేత్తో నొక్కు" అంది. నొక్కాడు. "అంతేనా? ఎడంచేత్తో నొక్కు." నొక్కాడు. "అబ్బ, వొదులయ్యా!" అని వేళ్లు విదిలించుకుంది.

గద గురించీ తిరగలి గురించీ చెప్పి ఏది మంచిదో చెప్పమన్నాడు. ఎవరో ఒకరు తేల్చి చెప్తే ప్రాణం కుదుటపడుతుందని అతని ఆశ.

"గద చేతికి బరువు మోయడం నేర్పుతుంది. తిరగలి తిప్పడం నేర్పుతుంది. పిడికిలి బిగించడం రెండూ నేర్పవు" అంది రెబెకమ్మ. ఒక దళసరి తువాలు గోరువెచ్చటి నీళ్లలో ముంచి ఇచ్చింది. "పిండు. ఒకసారి ముందుకు, ఒకసారి వెనక్కి. చుక్క రాకుండా పిండాల. పూటకు ఇరవైసార్లు. నెలరోజులు చేస్తే పట్టు వొస్తుంది."

"నెలా?" లాల్ బాషా తువాలు దించేశాడు. "శుక్రవారమే సిస్టరమ్మా. నాలుగు రోజులే."

శుక్రవారం ఏముందో చెప్పించుకుంది. చేతులు తుడుచుకుంటూ, "మధ్యాహ్నం ఇక్కడ బండి తీసేటప్పుడు ఏ చేత్తో కొడతావు?" అనడిగింది.

"ఎక్కువగా ఎడంచేత్తో. అటువైపు నిలబడితే వీలుగా ఉంటుంది."

"అప్పుడు బండి వెనక్కి తన్నలేదా ఎప్పుడూ?"

"తన్నకేం. చాలాసార్లు తన్నింది. ఎడమచెయ్యయితే పిడి దానంతటదే వేళ్లలోంచి జారిపోతుంది, చెయ్యి పక్కకు పోతుంది. కుడిచెయ్యయితే ఎదురుగా వొచ్చి..." అని ఆగిపోయాడు.

"మరి పొద్దున కూడా ఎడంచేత్తో కొట్టరాదా?"

"బోణీ తల్లీ అది. ఎడంచేత్తో ఎట్ట చేస్తాం?"

"బండేమన్నా నీ చేతి అన్నం తింటుందా?" అంది ఆమె. తర్వాత నవ్వు ఆపి, నెమ్మదిగా చెప్పింది. "ఇదో, విను బాషా. కసరత్తుతో కండ పెరుగుతుంది. అతుకు పడిన ఎముకకు ఇంకో దెబ్బ తగిలితే ఆ కండ అడ్డం రాదు. ఈసారి విరిగిందంటే ఈ చెయ్యి గంటె పట్టుకోను కూడా పనికిరాదు. నీ ఇష్టం."

తిరుగు ప్రయాణంలో మోకాళ్ల మీద తడి తువాలు పెట్టుకుని పిండుతూనే కూర్చున్నాడు. పక్కనున్నాయన పంచె తడిసి విసుక్కున్నాడు. రెబెకమ్మ చివర చెప్పిన మాట సుగ్రాబీకి చెప్పలేదు. చెప్తే అది నిజమవుతుందేమోనన్నట్టు దాచుకున్నాడు.

మంగళవారం నుంచి ఇల్లు కసరత్తుశాల అయింది. పొద్దున గద, మధ్యాహ్నం తిరగలి, సాయంత్రం తువాలు, ఒక్కోదాని తర్వాతా చెంబు. గద తర్వాత పద్దెనిమిది దాకా నిలబడింది. తిరగలి తర్వాత ఇరవై ఒకటి. తువాలు తర్వాత ఇరవై నాలుగు వచ్చింది. సంతోషించబోయి ఆగాడు. గద పట్టింది పొద్దున పరగడుపున, తువాలు పిండింది అన్నం తిన్నాక. అయితే ఆ ఆరు ఎక్కువ రావడం తువాలు మహిమా, సంకటి మహిమా? ఏ కసరత్తు మంచిదో తేల్చుకోవాలంటే మనిషికి కనీసం మూడు కుడిచేతులు ఉండాలి. ఉన్నదొక్కటే, అదీ విరిగినది. బుధవారం వరసలు తారుమారు చేశాడు. గద తిప్పేటప్పుడు తిరగలికి టైము పోతోందని, తిరగలి తిప్పేటప్పుడు తువాలే మేలేమోనని, ఏది చేస్తున్నా మిగతా రెండిటి మీదే మనసు. ఆఖరికి మూడూ రెండేసి సార్లు చేసి పడేశాడు.

సాయంత్రానికి చెంబు తొమ్మిదికే తొణికింది. మళ్లీ పట్టుకున్నాడు. ఏడు. మణికట్టు చుట్టూ వాపు కనబడింది, వేలు పెడితే వెచ్చగా ఉంది. లాల్ బాషాకు ఏడుపు వచ్చింది. గోడవైపు తిరిగి కూర్చున్నాడు.

సుగ్రాబీ గద తీసి అటక మీద వేసింది. తువాలు దండెం మీద ఆరేసింది. నువ్వుల నూనె వెచ్చచేసి తెచ్చి, అతని చెయ్యి ఒళ్లో పెట్టుకుని, వేళ్ల నుంచి మోచేతి దాకా మెల్లగా రాసింది. "రేపు ఏదీ వద్దు. చెయ్యి కూడా మనిషే. కాస్త పడుకోనీ" అంది. గురువారమంతా ఆ చెయ్యిని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ఏ పనీ చెయ్యకుండా కూర్చోవడం మూడు కసరత్తుల కంటే కష్టమయింది. రేపటికి వాపు తీస్తుందా? తీసినా పట్టు ఉంటుందా? పట్టు ఉండి హ్యాండిల్ తిరిగినా, వెనక్కి తన్నితే? ఈ మూడో ప్రశ్న దగ్గరికి వచ్చేసరికి మళ్లీ మొదటి ప్రశ్నకు పోయేవాడు.

శుక్రవారం పొద్దున కొండ మీంచి చలిగాలి దిగుతోంది. అంగడి ముందు బస్సు మంచుకు తడిసి నిలబడి ఉంది. ఎనిమిది మంది ఎక్కి కూర్చున్నారు. ముందు సీట్లో వరదమ్మ అనే ముసలామె; ఆత్మకూరు ఆసుపత్రిలో ఆమె కూతురికి నొప్పులొస్తున్నాయట. ఓబయ్య బస్సు పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. శెట్టి కర్పూరం వెలిగించి, నిమ్మకాయ చక్రం కింద పెట్టి, హ్యాండిల్‌ను రెండు చేతులా ఎత్తి ఇచ్చాడు.

"కానియ్యి లాల్ బాషా."

బిస్మిల్లా అనుకుని వంగాడు. హ్యాండిల్ రంధ్రంలో దిగి పళ్లు అందుకున్నట్టు అనిపించగానే కిందినుంచి పైకి లాగాడు. సగం చుట్టు వచ్చి రాయికి తగిలినట్టు ఆగింది. చల్లారిన ఇంజను. ఊపిరి పీల్చుకుని మళ్లీ లాగాడు. ఈసారి సగం దాటింది. దాటుతుండగా ఇంజను ఒక్క దగ్గు దగ్గింది. ఆ దగ్గు అతనికి బాగా తెలుసు. పిడి వదిలేసి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. హ్యాండిల్ గిర్రున ఎదురు తిరిగి, జానెడు దూరంలో గాలిని కొట్టి ఆగింది.

లాల్ బాషాకు భయం వేసింది. మూడోసారి కుడిచెయ్యి చాచబోతే అది రాలేదు. బలం లేక కాదు. వాపు తీసింది, వేళ్లు బిగుస్తున్నాయి, అన్నీ ఉన్నాయి. ఒక్క ధైర్యమే లేదు. అది గదకూ రాలేదు, తువాలుకూ రాలేదు.

"సరేలే" అన్నాడు శెట్టి, కోపం లేకుండా. "ఓబయ్యా, నువ్వు రా."

"ఒక్క నిమిషం" అన్నాడు లాల్ బాషా. తనేం చెయ్యబోతున్నాడో పూర్తిగా అనుకోకముందే హ్యాండిల్‌కు రెండో వైపుకు వచ్చి ఎడంచేత్తో పట్టుకుని లాగాడు. ఒకటి. రెండు. ఇంజను అందుకుంది. బస్సు నిలువెల్లా వణికి, పొగ వదిలి, డుగడుగమంటూ నిలబడింది. లోపల ఎవరో "అమ్మయ్య" అన్నారు.

"ఆపు" అన్నాడు శెట్టి. ముఖం ఎర్రబడింది. "శుక్రవారం పూట ఎడంచేత్తో బోణీ ఏందయ్యా? ఆపి కుడిచేత్తో కొట్టు. నీవల్ల కాకుంటే ఓబయ్య కొడతాడు."

లాల్ బాషా లోపలికి వంగి ఇంజను ఆపేశాడు. అందరూ ఓబయ్య వైపు చూశారు. ఓబయ్య కదల్లేదు.

"మంగళవారం నన్నూ తన్నింది శెట్టిగారూ" అన్నాడు నేల చూస్తూ. "కొంచెంలో తప్పింది. నాకు కూడా ఎడంచేత్తో అయితేనే..." మిగతాది మింగేశాడు.

"ఇద్దరూ ఇద్దరే" అన్నాడు శెట్టి. "మరి బోణీ ఎవురు చేస్తారు? నేనా?"

"మీరే చెయ్యండి" అన్నాడు లాల్ బాషా. వెటకారానికి అనలేదు. హ్యాండిల్ పిడి చూపించి పక్కకు జరిగాడు. "బండి మీది. బోణీ మీది. కుడిచేత్తో మీరు తిప్పితే నేను తోలుకుంటా పోతా."

కిటికీల్లోంచి ఎనిమిది ముఖాలు బయటికొచ్చాయి. శెట్టికి వెనక్కి తగ్గే దారి లేకపోయింది. కండువా నడుముకు చుట్టుకుని, వంగి, కుడిచేత్తో పిడి అందుకున్నాడు. బొటనవేలు పిడి చుట్టూ తిప్పి గట్టిగా బిగించాడు.

ఆ వేలు చూడగానే లాల్ బాషా పని సంగతి, పిల్లల సంగతి, అన్నీ మర్చిపోయాడు. ఒక్క అంగలో వెళ్లి శెట్టిగారి చెయ్యి పట్టుకున్నాడు. "వేలు తియ్యండి! వేలు ఇటుపక్కకు పెట్టుకోండి, లేకుంటే విరిగిపోతుంది" అని తానే ఆ బొటనవేలిని విప్పి మిగతా వేళ్ల పక్కన చేర్చాడు. లావుపాటి మెత్తటి చెయ్యి.

శెట్టి లాగాడు. పావు చుట్టు వచ్చింది. అక్కడ ఇంజను ఎదురు నెట్టింది. ముందుకు రాదు, వదిలితే ఏమవుతుందో తెలీదు. వంగిన మనిషి వంగినట్టే ఉండిపోయాడు. కణతల మీద చెమట కనబడింది.

"లాల్ బాషా" అన్నాడు చిన్న గొంతుతో.

"ఏం కాదు. నేను పట్టుకుని ఉండా. మెల్లగా కిందికి దించండి. ఆ... అట్ట. ఇంక వొదిలేయండి."

శెట్టి నిలబడ్డాడు. అరచెయ్యి తెరిచి చూసుకున్నాడు. తర్వాత లాల్ బాషా మణికట్టు వైపు, ఎముక అతికిన చోట తేలిన బుడిపె వైపు చూశాడు. మొన్న అంగట్లో కూడా చూశాడు దాన్ని. ఈసారి ఎక్కువసేపు చూశాడు.

"నాయనా" అంది వరదమ్మ కిటికీలోంచి. "అక్కడ నా బిడ్డ ఒక్కతే ఉండాది. లేచిన బండిని ఆపుకుని ఈ తగువేంది మీకు?"

శెట్టి కండువా విప్పి ముఖం తుడుచుకున్నాడు. "తొమ్మిదికల్లా ఆత్మకూరులో ఉండాల" అన్నాడు, ఎవరి వైపూ చూడకుండా. "నేను లోపలికి పొయ్యినాక కొట్టు. ఏ చేత్తో కొట్టింది నాకు చెప్పబాకు." అంగడి మెట్లెక్కుతూ ఆగి, "రేపు కూడా అంతే" అన్నాడు. లోపలికి వెళ్లి తలుపు దగ్గరికి వేసుకున్నాడు.

ఓబయ్య తన సంచి తీసుకుని బస్సెక్కాడు. ఆత్మకూరులో లారీలవాళ్లను అడిగి చూస్తానని, ఎవరూ అడక్కుండానే చెప్పి, ఇంజను పక్కన కూర్చున్నాడు. వాడి ముఖం చూడ్డానికి లాల్ బాషాకు సిగ్గేసింది. ఎడంచేత్తో లాగితే బండి మొదటి ఊపుకే లేచింది.

ఊరు దాటి బస్సు గులకరాళ్ల దారిలో పడ్డాక ఓబయ్య అడిగాడు. "మరి ఇన్నాళ్లూ ఆ కసరత్తులన్నీ ఏమయినాయన్నా? గద తిప్పినావంట, తిరగలి కూడా విసిరినావంట. వాటిల్లో ఏది మేలు?"

లాల్ బాషా నవ్వి ఏదో ఒకటి చెప్పబోయి, తన చేతుల వైపు చూశాడు. స్టీరింగు మీద రెండు చేతులూ పక్కపక్కన ఉన్నాయి, ఒకటి నల్లగా, ఒకటి పాలిపోయి. ఇన్నాళ్లూ అతని భయమంతా శుక్రవారం గురించే, ఇంకేదీ ఆలోచించలేదు. ఇప్పుడు ఆలోచన వెనక్కి, చెయ్యి విరిగిన నాటి పొద్దుకు వెళ్లింది. ఆ రోజూ ఇదే బండి, ఇదే హ్యాండిల్. ఆ రోజు శెట్టి ఎదురుగా లేడు. పెళ్లికని నెల్లూరు వెళ్లాడు. వీధిలో ఎవరూ లేరు. ఏ చేత్తో కొట్టినా అడిగే దిక్కు లేదు. అయినా తను కుడిచేత్తోనే పిడి అందుకున్నాడు.

"ఏందన్నా?" అన్నాడు ఓబయ్య.

"ఈ చెయ్యి విరగాల్సిన పనే లేదురా" అన్నాడు లాల్ బాషా. కళ్లల్లో నీళ్లు తిరిగి దారి మసకబారితే గేరు తగ్గించి, భుజంతో ముఖం తుడుచుకుని, ఆత్మకూరు వైపు తోలాడు.